పీకించేసిన దవడ పన్ను చోట తెల్లగా గట్టిగా ఏదో వస్తోంది, ఈ వయసులో పన్ను మళ్ళీ మొలుస్తుందా?

మధురవాడ_అబ్బాయి

అందరికీ నమస్తే. అమ్మ విషయం అడుగుదామని పెడుతున్నా, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. అమ్మకి 62. షుగర్ ఉంది కానీ కంట్రోల్‌లోనే ఉంటుంది. సంక్రాంతి వెళ్ళాక కింద ఎడమవైపు దవడ పన్ను ఒకటి పీకించాం, వెనకనుంచి రెండోది. ఎప్పుడో వేయించిన క్యాప్ ఊడిపోయి లోపల పన్ను రెండు ముక్కలైపోయింది, ఇంక ఉంచి లాభం లేదన్నారు. ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌లోనే పీకించాం, చాలాసేపు పట్టింది, ఒక్కసారిగా రాలేదు, ముక్కలు ముక్కలుగా తీశారు. కొన్నాళ్ళు నొప్పి అంది, తర్వాత మామూలైపోయింది, మేం కూడా మర్చిపోయాం.

ఇప్పుడు ఉగాది దగ్గరకొచ్చేసింది కదా, మొన్న అన్నం తింటూ "ఒరే ఇక్కడేదో నాలిక్కి గరుకుగా తగులుతోందిరా" అంది. ఫోన్ టార్చ్ వేసి చూశాను. చిగురు మధ్యలోంచి నూక గింజంత ఉంది, తెలుపు అంటే పాలలాంటి తెలుపు కాదు కొంచెం పసుపు కలిసినట్టు, గట్టిగా ఉంది, ఒక అంచు పదునుగా ఉంది. చుట్టూ చిగురు కొంచెం ఎర్రబడింది కానీ చీము గట్రా ఏం లేదు. వేడి టీ తగిలితే చురుక్కుమంటుంది తప్ప నొప్పి లేదంటోంది.

గొడవ ఎక్కడొచ్చిందంటే పక్కింటి మామ్మగారు కూడా చూసి "ఇది పన్నే, మా అత్తగారికి ఎనభై దాటాక ఇలాగే వచ్చింది, అందరికీ రాదమ్మా, పుణ్యం చేసుకుని ఉండాలి" అనేసింది. దానికి తోడు జపాన్ వాళ్ళు పళ్ళు మొలిపించే మందు కనిపెట్టేశారని మా బావగారు వాట్సాప్‌లో వీడియో పంపించారు. ఇంక అమ్మని పట్టుకోలేకపోతున్నాం. ఇంప్లాంట్ వేయిద్దామంటే "దానంతటదే వస్తుంటే వేలకి వేలు తగలెయ్యడం ఎందుకురా, ఆగు" అంటోంది. క్లినిక్‌కి రమ్మంటే అదీ వద్దంటోంది, మళ్ళీ పీకేస్తారని భయం.

నిజంగా పెద్దవాళ్ళకి పన్ను మళ్ళీ వస్తుందా? రాకపోతే ఇదేంటి? ఆ జపాన్ మందు ఇక్కడ దొరుకుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, నేను చెప్తే వినదు, మీరు రాసింది చదివి వినిపిస్తాను.

కంచరపాలెం_బుజ్జి

బ్రదర్, పీకిన పన్ను మళ్ళీ మొలిచేదైతే మా నాన్నకి ఈపాటికి రెండు సెట్లు వచ్చేయాలి, ఆయనంత పుణ్యం చేసినోళ్ళు మా వీధిలో లేరు. అయినా కట్టుడు పళ్ళ సెట్టు గ్లాసులో పెట్టుకునే పడుకుంటున్నారు. పన్ను ముక్క ఏదో లోపల ఉండిపోయినట్టుంది, మా పెద్దమ్మకి ఇలాగే అయ్యింది. ఎక్స్‌రే తీయించు, మామ్మగారి మాట పక్కన పెట్టు.

సీతమ్మధార_పళ్ళడాక్టర్

అమ్మగారికి చదివి వినిపిస్తానన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పెద్దయ్యాక వచ్చిన పన్ను ఒకసారి పీకేస్తే ఆ చోట ఇంకో పన్ను రాదండి. షుగర్ ఉన్నా లేకపోయినా, పాలు తాగినా కాల్షియం మాత్రలు మింగినా రాదు. మనిషికి రెండు విడతలే. పాలపళ్ళు 20, తర్వాత వచ్చేవి జ్ఞానదంతాలతో కలిపి 32. వీటన్నిటికీ దవడ లోపల మొగ్గలు ఉంటాయి, అవి ఎప్పుడో చిన్నప్పుడే తయారైపోతాయి, ఆరేళ్ళకి వచ్చే మొదటి దవడ పన్ను మొగ్గ అయితే బిడ్డ తల్లి కడుపులో ఉండగానే మొదలవుతుంది. ఈ మొగ్గల్ని పుట్టించే పొర ఒకటి చిగురు లోపల ఉంటుంది, దాని పని అయిపోగానే అది విడిపోయి కరిగిపోతుంది. ఇంకో మొగ్గ వేయడానికి అక్కడ ఏమీ మిగలదు. పంటి పైన మెరిసే ఎనామెల్ సంగతీ అంతే, దాన్ని తయారుచేసే కణాలు పన్ను నోట్లోకి వచ్చేసరికే చచ్చిపోతాయి. అందుకే చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, పిప్పిపన్ను గుంత మాత్రం దానంతటది పూడదు. మరీ మొదట్లో, తెల్లమచ్చగా ఉన్నప్పుడు మాత్రం ఫ్లోరైడ్ పేస్టుతో కొంత గట్టిపడే అవకాశం ఉంది, అంతకు మించి లేదు.

ఇక పక్కింటి మామ్మగారి అత్తగారి మాట. ఆవిడ అబద్ధం చెప్పి ఉండరు. ఎనభైలో పన్ను కనిపించడం మేం కూడా చూస్తుంటాం. కొంతమందికి జ్ఞానదంతమో కోరపన్నో బయటికి రాకుండా ఎముకలోనే పడుకుని ఉండిపోతుంది. పళ్ళన్నీ పోయి సెట్టు పెట్టుకున్నాక కింద ఎముక ఏటేటా అరిగిపోతుంది, అప్పుడు ఆ పన్ను బయటపడుతుంది. చూసినవాళ్ళు కొత్త పన్ను అనుకుంటారు. అది ఆవిడకి ఎప్పుడో చిన్నవయసులోనే తయారైన పన్ను, మొన్న మొలిచింది కాదు. కొందరికి పుట్టుకతోనే ఒకటో రెండో పళ్ళు ఎక్కువ ఉంటాయి, ముఖ్యంగా పైన ముందు రెండు పళ్ళ మధ్యలో, అవి ఆలస్యంగా కనపడినా ఇదే మాట అంటారు.

మీరు చెప్పిన గుర్తులు, అంటే పదునైన అంచు, పసుపు కలిసిన తెలుపు, పన్ను ముక్కలుగా తీయడం, ఇవన్నీ చూస్తే రెండిట్లో ఒకటి. పన్ను చుట్టూ ఉండే పల్చటి ఎముక గోడ పీకేటప్పుడు చిట్లితే ఆ ముక్కకి రక్తం అందదు, ఒళ్ళు దాన్ని మెల్లిగా పైకి తోసేస్తుంది. కొన్ని వారాలకి రావచ్చు, నెలలకీ రావచ్చు. ఇది చాలా మామూలు. లేదా వేరు ముక్క చిన్నది లోపల ఉండిపోయి ఉంటుంది. చిన్న ఎక్స్‌రే ఒకటి తీస్తే తేలిపోతుంది, నిమిషం పని. వదులుగా ఉన్న ఎముక ముక్క అయితే పైన మత్తు జెల్ రాసి ట్వీజర్‌తో తీసేస్తారు, మళ్ళీ పీకుడు అంత భాగోతం ఉండదని అమ్మగారికి చెప్పండి. ఈలోపు పిన్నీసు, అగ్గిపుల్ల, గోరు పెట్టి కెలకొద్దు.

వెళ్ళేముందు ఒక్క విషయం మాత్రం చెప్పండి, ఇది ముఖ్యం. అమ్మగారు ఎముకలకి ఏమైనా మందు వాడుతున్నారా? కాల్షియం గురించి అడగట్లేదు. వారానికోసారి వేసుకునే మాత్ర గానీ, ఏడాదికోసారి ఎక్కించే సెలైన్ గానీ, ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ గానీ.

మధురవాడ_అబ్బాయి

డాక్టర్‌గారూ చాలా థ్యాంక్స్ అండి. మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు. అమ్మ ప్రతి ఆదివారం పొద్దున్నే పరగడుపున ఏదో మాత్ర వేసుకుంటుంది, గ్లాసు నిండా నీళ్ళు తాగి, అరగంట పడుకోకూడదని వరండాలో కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటూ ఉంటుంది, ఆ అరగంటా కాఫీ కూడా అడగదు. మోకాళ్ళ నొప్పులకని వెళ్తే ఎముకలు గుల్లబారాయని చెప్పి రాశారు, చాలా ఏళ్ళ నుంచి నడుస్తోంది. స్ట్రిప్ మీద అలెండ్రోనేట్ 70 అని ఉంది. అదేనా మీరడిగింది? పన్ను పీకేటప్పుడు దీని గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు, షుగర్ బీపీ మాత్రమే అడిగారు.

సీతమ్మధార_పళ్ళడాక్టర్

అదేనండి. కంగారు పడొద్దు, కానీ ఇంక వాయిదా వేయొద్దు.

ఈ మందు ఎముక అరుగుదలని ఆపుతుంది, వెన్నెముక తుంటి ఎముక విరక్కుండా కాపాడుతుంది, మంచి మందే. కాకపోతే దవడ ఎముక పన్ను పీకాక తనని తాను సరిచేసుకునే పని కూడా ఈ మందు వల్ల నెమ్మదిస్తుంది. అరుదుగా కొంతమందికి పీకిన చోట ఎముక మానకుండా చిగురులోంచి బయటికి కనిపిస్తూ ఉండిపోతుంది. ఎనిమిది వారాలు దాటినా అలాగే ఉంటే దాన్ని మేం వేరే జబ్బుగా లెక్కేస్తాం. క్యాన్సర్‌కి పెద్ద డోసులు ఎక్కించుకునేవాళ్ళలో ఇది ఎక్కువ, మీ అమ్మగారిలా వారానికో మాత్ర వేసుకునేవాళ్ళలో చాలా చాలా తక్కువ, కానీ ఎక్కువ ఏళ్ళు వాడినవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో కాస్త జాగ్రత్తగా చూస్తాం. సంక్రాంతికీ ఉగాదికీ ఎనిమిది వారాలు అయిపోతుంది కదా, నేను అడిగింది అందుకే.

కాబట్టి మామూలు క్లినిక్‌కి కాకుండా ఓరల్ సర్జన్‌కి చూపించండి. మన వైజాగ్‌లో రుషికొండ వైపూ సంగివలస వైపూ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, అక్కడ ఈ డిపార్ట్‌మెంట్ విడిగా ఉంటుంది. మాత్ర స్ట్రిప్ చేత్తో పట్టుకెళ్ళండి. ఇంకో సంగతి, భయపడి ఆ మాత్ర మీ అంతట మీరు ఆపేయొద్దు, రాసిన ఎముకల డాక్టర్, పళ్ళ డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాల్సింది అది.

ఇది చదివే మిగతావాళ్ళకి కూడా: ఇలాంటి మందు మొదలుపెట్టే ముందే పళ్ళు చూపించుకుని పీకాల్సినవి ఏమైనా ఉంటే పీకించేసుకోండి. ఏ పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళినా అడగకపోయినా సరే చెప్పండి.

ఏయూ_జువాలజీ

జపాన్ వీడియో గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెప్తా, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్ట్.

మొత్తం అబద్ధం కాదు అది, అలాగని వీడియోలో చెప్పినట్టు మందు వచ్చేసిందీ కాదు. ఒసాకాలో కిటానో హాస్పిటల్‌లో పనిచేసే కట్సు తకహాషి అనే ఆయన ఎన్నో ఏళ్ళుగా దీని మీదే ఉన్నాడు. మన ఒంట్లో యూసాగ్-1 అనే ప్రొటీన్ ఒకటి పంటి మొగ్గ పెరగకుండా బ్రేక్ వేస్తుంది. ఆ ప్రొటీన్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఒకటి తయారుచేసి ఎలుకలకి ఇస్తే, పుట్టుకతో పళ్ళు తక్కువున్న ఎలుకలకి పళ్ళు వచ్చాయి, ఫెరెట్లు అని ముంగిసలా పొడుగ్గా ఉండే జంతువులకి ఇస్తే వాటికి అదనంగా పన్ను వచ్చింది. ఫెరెట్ ఎందుకంటే దానికీ మనలాగే పాలపళ్ళు, పెద్దపళ్ళు అని రెండు విడతలు. ఇది 2021లో పేపర్‌గా వచ్చింది. 2024లో క్యోటో యూనివర్సిటీ హాస్పిటల్‌లో మనుషుల మీద ట్రయల్ మొదలెట్టారు, 30 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 30 మంది, కనీసం ఒక దవడ పన్నైనా లేనివాళ్ళు. నరానికి ఎక్కించే మందు అది. ఇక్కడ అందరూ పప్పులో కాలేసేది ఎక్కడంటే, ఆ మొదటి ట్రయల్ పన్ను మొలుస్తుందా అని చూడ్డానికి కాదు, మందు వల్ల మనిషికి ప్రమాదం ఉందా లేదా చూడ్డానికి. అది అయ్యాక పుట్టుకతోనే నాలుగు అంతకంటే ఎక్కువ పళ్ళు రాని చిన్నపిల్లలకి ఇవ్వాలని వాళ్ళ ప్లాన్, 2030 నాటికి మందుగా తేవాలని టార్గెట్ పెట్టుకున్నారు. టార్గెట్ అంతే. మా వైజాగ్ మెట్రో రైలు కూడా ఎప్పటినుంచో టార్గెట్‌లోనే ఉంది.

పుట్టుకతో పన్ను రానివాళ్ళకీ పీకించుకున్నవాళ్ళకీ తేడా ఉంది. వాళ్ళకి మొగ్గ మొదలై ఆగిపోయి ఉంటుంది, బ్రేక్ తీస్తే పెరిగే అవకాశం ఉంది. పీకించుకున్నవాళ్ళకి ఆ మొగ్గ పన్నుగా మారి, నమిలి, పుచ్చి, చెత్తబుట్టలోకి వెళ్ళిపోయింది. మూడో విడత మొగ్గల ఆనవాళ్ళు మనలో కూడా ఉన్నాయి, వాటిని లేపొచ్చు అని తకహాషి వాళ్ళ వాదన, అది నిజమైతే మంచిదే, అందరం సంతోషిస్తాం, కానీ దాని కోసం ఆంటీగారు దవడ ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం అనవసరం.

ఇంకో సరదా ముక్క చెప్తా. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే సొర చేప తల కోసి పడేసి ఉంటుంది కదా, ఈసారి దాని కింది దవడ లోపలివైపు చిగురు మడత వేలితో కాదు పుల్లతో పక్కకి లాగి చూడండి. బయట ఒక వరస నిలబడి ఉంటుంది, దాని వెనకాల ఇంకో వరస పడుకుని ఉంటుంది, దాని వెనక ఇంకోటి, మెత్తగా. ముందుది ఊడితే వెనకది జరిగి లేస్తుంది, బతికినన్నాళ్ళూ ఇదే పని. మన జూపార్క్‌లో మొసలి కూడా అంతే, పన్ను ఊడితే దాని కింద ఇంకోటి రెడీ. ఏనుగుకి దవడ పళ్ళు ఆరు విడతలు, ఆరోది అరిగిపోయాక మేత నమల్లేక నీరసించిపోతుంది పాపం. పాలిచ్చే జంతువుల్లో ఎక్కువ వాటికి రెండు విడతలే, పై పన్ను కింది పన్ను సరిగ్గా కలిసి నమలాలంటే అస్తమానం మారిపోతూ ఉంటే కుదరదు మరి. సొరకి నమిలే పని లేదు, చీల్చి మింగడమే.

పెదవాల్తేరు_పద్మ

నేను చెప్పేది ఎవరికైనా కోపం వస్తే రానీండి. యూట్యూబ్‌లో "ఊడిన పన్ను 15 రోజుల్లో" అని తంబ్‌నెయిల్ పెట్టి లవంగాలు వెల్లుల్లి ఉప్పు నూరి పీకిన చోట పెట్టుకోమని చెప్పే వీడియోలు మా ఇంట్లో పెద్దావిడ రోజూ చూస్తుంది. లవంగ నూనె నొప్పికి కాసేపు పనిచేస్తుంది, అది నిజమే, పళ్ళ డాక్టర్లు కూడా ఆ వాసన వచ్చేదే ఏదో పెడతారు. కానీ పచ్చి వెల్లుల్లి చిగురు మీద పెట్టి ఉంచితే కాలిపోతుంది, తెల్లగా పొక్కి పొర ఊడొస్తుంది, మా ఇంట్లో చూశాను. ఆ తెల్లపొరని చూసి "చూశావా పన్ను వస్తోంది" అంది మా అత్తగారు! ఏం చెప్తాం చెప్పండి.

ఖాళీ గురించి కూడా ఒక మాట. నేను బద్ధకించి కొన్నేళ్ళు అలాగే వదిలేశా, పక్క పన్ను ఆ సందులోకి ఒరిగిపోయింది, పైన పన్ను కిందకి దిగిపోయింది. బ్రిడ్జి (పక్క పళ్ళ ఆసరాతో కట్టే పన్ను) వేయడానికి ముందు వాటిని సరిచేయడానికే సగం డబ్బులు అయిపోయాయి. మరీ చివరి పన్ను అయితే వదిలేసినా పర్లేదంటారు, మీ అమ్మగారిది వెనకనుంచి రెండోది అన్నారు కాబట్టి వదలకండి.

జాలరిపేట_కుర్రోడు

పద్మగారూ సరిగ్గా సెప్పారు. నాది ఇంకో మాట ఉంది, ఇది ఎవురూ సెప్పలేదు. మా మామ్మ అడ్డచుట్ట కాల్చీది, అంటే నిప్పు ఉన్న కొస నోట్లో ఎట్టుకుని, మా పేటలో ముసలోళ్ళు సానామంది అలాగే కాల్చీవోరు, ఏట్లో గాలికి చుట్ట ఆరిపోకుండా మొదలెట్టారంటారు మరి. ఆవిడకి పైన అంగిట్లో తెల్లగా మచ్చలాగ వచ్చినాది. పళ్ళ సెట్టు ఒరుసుకుందనుకున్నాం, నెలలు నెలలు వదిలీసాం. ఆఖరికి అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెల్తే ముక్క తీసి టెస్టుకి ఎట్టారు. దేవుడి దయ వల్ల ముందు దశలోనే దొరికినాది, ఇప్పుడు బాగానే ఉంది, చుట్ట మాత్రం దొంగతనంగా అడుగుతాది.

నానేటి సెప్తానంటే నోట్లో తెల్లగా వచ్చినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా, అది పన్నా ఎముకా అని ఇంట్లో పంచాయితీ ఎట్టుకోకండి, చూపించీయండి అంతే. ముఖ్యంగా చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నోళ్ళు.

మధురవాడ_అబ్బాయి

అప్‌డేట్ ఇస్తున్నా. డాక్టర్‌గారి పోస్టు మొత్తం అమ్మకి చదివి వినిపించాను, "ఆదివారం మాత్ర" దగ్గరికి వచ్చేసరికి మొహం మారింది, ఇంక మారుమాట్లాడకుండా బయల్దేరింది. కాలేజీకే తీసుకెళ్ళాను, ఓపీలో జనం బాగా ఉన్నారు, పొద్దున్నే వెళ్తే మంచిది. చిన్న ఎక్స్‌రే తీశారు, దవడ మొత్తం వచ్చే పెద్దది కూడా తీశారు. వేరు ముక్క లేదు, ఎముక ముక్కే, విడిపోయి వదులుగా ఉంది. కింద ఎముక ఆరోగ్యంగానే కనిపిస్తోందన్నారు, చిగురు కూడా చుట్టూ మానుతోందన్నారు. పైన జెల్ రాసి తీసేశారు, అమ్మ "అయిపోయిందా?" అని అడిగింది. అంచులు నున్నగా చేసి, పుక్కిలించడానికి క్లోర్‌హెక్సిడిన్ ఇచ్చారు. ఆ మాత్ర జబ్బు అని ఇప్పుడే అనలేం, చిగురు పూర్తిగా మూసుకుందో లేదో చూడాలి మళ్ళీ రమ్మన్నారు. మాత్ర విషయం ఎముకల డాక్టర్‌కి లెటర్ రాసిచ్చారు. ఇంప్లాంట్ ఇప్పుడు వద్దు, అదీ ఎముకలో దించేదే కాబట్టి ఈ మాత్ర వాడేవాళ్ళకి ఆలోచించి వేయాలట, బ్రిడ్జి గురించి తర్వాత మాట్లాడదాం అన్నారు.

ఆ ముక్కని అమ్మ కాగితంలో పొట్లం కట్టించుకుని తెచ్చి పక్కింటి మామ్మగారికి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి "పన్నే, డాక్టర్లకి ఏం తెలుసు, మొలవకుండానే తీయించేసుకున్నావు" అంది. నేనేం మాట్లాడలేదు.

గోపాలపట్నం_సుధ

ఈ థ్రెడ్‌లోనే ఒకటి అడగొచ్చా? మా గుంటడికి పదేళ్ళు, నిన్న గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతుంటే బంతి తగిలి ముందు పన్ను కదిలింది, ఊడలేదు, చూపించాం, పర్లేదన్నారు. కానీ ఒకవేళ పూర్తిగా ఊడిపోయి ఉంటే ఏం చేయాలి? ఆ వయసులో మళ్ళీ వస్తుందా? మా అమ్మ అయితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీద వేసేయమంటోంది, మా చిన్నప్పుడు అలాగే వేసేవాళ్ళం.

సీతమ్మధార_పళ్ళడాక్టర్

పదేళ్ళకి ముందు పళ్ళు పెద్దపళ్ళే అయి ఉంటాయండి, మళ్ళీ రావు, కప్పు మీద వేయకండి. ఊడిన పెద్దపన్ను మళ్ళీ మొలవదు గానీ మళ్ళీ అతుక్కుంటుంది, టైమ్ మీద ఆధారపడి. వేరుకి అంటుకుని ఉండే సన్నటి పొర బతికి ఉంటేనే అతుకు బాగుంటుంది, అది ఆరిపోతే చచ్చిపోతుంది, అరగంట లోపు అయితే చాలా మంచిది, గంట దాటితే కష్టం. పన్నుని పైన తెల్లభాగం దగ్గర పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు, చొక్కాతో తుడవకూడదు, బ్రష్ పెట్టి రుద్దకూడదు. మట్టి అంటితే చల్లటి నీళ్ళ కింద కొన్ని సెకన్లు కడిగి, బాబు తెలివిగా ఉంటే అక్కడికక్కడే ఆ గుంతలో సరైన వైపు పెట్టి, రుమాలు మడతపెట్టి కొరికి పట్టుకోమని పళ్ళ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. పక్క పళ్ళకి తీగ కట్టి రెండు వారాలు కదలకుండా ఉంచుతాం, తర్వాత చాలామందికి రూట్ కెనాల్ అవసరం పడుతుంది. పెట్టడం చేతకాకపోతే పాలలో వేసి తీసుకురండి, నీళ్ళలో నానబెట్టొద్దు. పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఉన్న పెద్దపన్ను మొగ్గకి దెబ్బ. దాన్ని కావాలంటే కప్పు మీద వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

గోపాలపట్నం_సుధ

చాలా థ్యాంక్స్ అండి. పాలు అంటే కాచినవా పచ్చివా? గ్రౌండ్ పక్కన కొట్లో ప్యాకెట్లే దొరుకుతాయి.

సీతమ్మధార_పళ్ళడాక్టర్

ప్యాకెట్ చింపి అలాగే వాడండి, ఫ్రిజ్‌లోవి అయితే ఇంకా మంచిది. వేడివి వద్దు, పంచదార కలిపినవి వద్దు. ఏ డబ్బాలో అయినా పన్ను పూర్తిగా మునిగేలా పోసి మూత పెట్టి తెచ్చేయండి.